కూయని డబ్బి

ఏప్రిల్ 3, 2025

నిన్న పోసిన జెల్ పొద్దున తీసి చూస్తే బాగానే వచ్చింది. ఆరు ముక్కలు. ఒకదాంట్లో గాలి బుడగ ఉంటే పారేశాను. మిగిలిన ఐదూ వేలితో నొక్కితే జున్నులా లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చాయి. ఎండాకాలం కోసం, ఈ జెల్ మీద పరిశోధన చేస్తున్న కృతిక మేడం మార్చి రాసిచ్చిన పాళ్ళు ఇవి. నీళ్ళు తగ్గించి గ్లిజరిన్ పెంచింది. పాత పాళ్ళయితే మెదక్ ఎండకు రెండు రోజుల్లో అప్పడమై కూర్చునేది.

పొడి, నీళ్ళు, ఉప్పు, గ్లిజరిన్ కలిపి కరిగించాలి, అచ్చులో పోయాలి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించాలి, బయటపెట్టి మళ్ళీ గడ్డ కట్టించాలి. ఫ్రిజ్ నా భార్య అఫ్షాది. తలుపు అరలో ఆమె ఇన్సులిన్ ఉండేది. ఇప్పుడు ఆ ఫ్రిజ్ నిండా చెప్పుల్లో పెట్టే జెల్ ముక్కలే. చూస్తే ఏమీ అనిపించదు.

జెల్ ముక్క బొటనవేలి మొదట్లో, అట్ట కింద పెడతాను. ఉప్పు ఉంది కాబట్టి అందులోంచి కరెంటు పోతుంది. కాలు నొక్కేకొద్దీ అంకె పెరుగుతుంది. హద్దు దాటితే నడుముకు కట్టుకున్న డబ్బి కూస్తుంది. షుగర్‌తో స్పర్శ పోయిన కాళ్ళకు ఇవి. కాలు చెప్పని మాట డబ్బి చెప్పాలి.

ప్రతి జతకూ హద్దు విడిగా పెట్టాలి, ఏ ముక్క గట్టిదనం దానిదే. మేడం అయితే ఇత్తడి తూకం రాళ్ళు పెట్టుకుంటూ ఒక్కో జత ముందు గంట కూర్చుంటుంది. నేను పట్టీలు కుట్టకముందే అడుగు మీద నిలబడి బరువు మోపుతూ పోతాను. ఇక చాలు, నొక్కుకుంటోంది అని నా కాలు అన్నచోట మీట నొక్కుతాను. అదే హద్దు. పోయిన అక్టోబర్‌లో ఐదు జతలు అలా పెడితే ఆమె రాళ్ళతో సరిచూసింది. ఒక్కటీ తప్పు రాలేదు. "మీ కాలే మిషన్ లెక్క ఉంది అంకుల్, ఇట్లనే పెట్టండి" అంది. మా అబ్బ కూడా తాను తొడిగి చూడని చెప్పు గిరాకీ చేతికి ఇచ్చేవాడు కాదు.

ఈ వేసవికి పద్దెనిమిది జతలు పోవాలి.

ఏప్రిల్ 5

శనివారం కాబట్టి మేడం హైదరాబాద్ నుంచి వచ్చింది. మొదటి జత యాదవ్వక్కకు ఇచ్చాం. గంపలో ఆకుకూరలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. అరవై దాటినా నా కన్నా వేగంగా నడుస్తుంది. పన్నెండేళ్ళ షుగర్.

"ఇది ఎప్పుడు కూస్తది తమ్మీ?"

"బరువు ఒక్క కాడ ఎక్కువైతే కూస్తది అక్కా. అప్పుడు జర కూసోవాలె."

"కూయకపోతే?"

"కూయకపోతే మంచిగున్నట్టు."

"గట్లయితే దినాం అద్దం పెట్టి పాదం చూస్కునే పని లేదన్నట్టు."

మేడం వెంటనే "చూస్కోవాలె అమ్మా, అది బంద్ చెయ్యొద్దు" అంది. యాదవ్వక్క నా వైపు తిరిగింది. నేను నవ్వాను. చదువుకున్నవాళ్ళు అలాగే అంటారులే అన్నట్టు నవ్వాను. ఆమె నా నవ్వునే నమ్మింది.

మేడం కొత్త కాగితాలు తెచ్చి నాతో మళ్ళీ సంతకం పెట్టించింది. షుగర్ ఉందా అనే గడిలో లేదు అని రాశాను. పరీక్ష చేయించుకోలేదు కాబట్టి లేదు.

ఏప్రిల్ 9

ఏడు జతలు అయ్యాయి. కాళ్ళు బరువుగా ఉన్నాయి. నిలబడి చేసే పని కదా.

ఏప్రిల్ 14

మధ్యాహ్నం మార్కెట్ నుంచి ఇంటికి వచ్చి చూస్తే కుడికాలికి చెప్పు లేదు. రోడ్డు పెనంలా కాలుతోంది. జనం గోడల నీడ పట్టుకుని నడుస్తున్నారు. నేను నడిరోడ్డు మీద ఒంటి చెప్పుతో వచ్చాను. వెనక్కి వెళ్తే రాందాస్ చౌరస్తా దగ్గర సోడా బండి పక్కన పడి ఉంది. "పిలిచిన గద భాయ్, వినకుంట పోతివి" అన్నాడు సోడా అమ్మేవాడు.

చెప్పులు కుట్టేవాడి చెప్పే ఊడిపోతే ఇంకేం పరువు. పట్టీ వదులైనట్టుంది. బిగించాను.

ఏప్రిల్ 15

పట్టీ మళ్ళీ చూశాను. నిన్న కూడా గట్టిగానే ఉండి ఉండాలి. ఏమో.

ఏప్రిల్ 27

తమ్ముడు హకీం తన మందుల దుకాణం మూసి, షుగర్ చూసే మిషన్ జేబులో వేసుకుని వచ్చాడు. కూర్చోగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క చుక్క రక్తం భాయ్. చీమ కుట్టినట్టుంటది."

"చీమలు నా దగ్గరికి రావు."

"అబ్బకుండె, నాకుంది. నీకు మాత్రం ఎందుకుండది? భాభీ సంగతి కండ్ల ముంగట చూసి గూడ గిట్ల చేస్తే ఎట్ల?"

చాయ్ తాగి పొమ్మన్నాను. తాగలేదు. మిషన్ బల్ల మీదే వదిలి వెళ్ళాడు.

భాభీ సంగతి చూశాను కాబట్టే. రోజూ సాయంత్రం అఫ్షా పాదం నా ఒళ్ళో పెట్టుకుని చూసేవాణ్ణి. పెళ్ళి చెప్పుల పని మీద పడి ఐదు రోజులు చూడలేదు. ఆ ఐదు రోజుల్లో మడమ కింద పుండు పడింది. ముందు వేళ్ళు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింది దాకా. ఎనిమిది నెలలు. ఆ దారి ఏ ఊరికి పోతుందో నాకు తెలుసు. టికెట్ తీసుకోకపోతే బస్సు ఎక్కించరు కదా.

ఆమెకు తెలుగు చదవడం వచ్చేది కాదు. అందుకే ఈ డైరీ మొదటి నుంచీ తెలుగులో రాశాను. ఇప్పుడు దాచుకోవడానికి మనిషి లేదు, అలవాటు మాత్రం పోలేదు.

మే 1

పద్దెనిమిదీ అయిపోయాయి. అందరికీ చేరాయి.

మే 5

యాదవ్వక్క గంప దింపి కొబ్బరి ముక్క, రెండు పాలకూర కట్టలు బల్ల మీద పెట్టింది.

"నిన్న ఏడుపాయల గుడికి పోయిన తమ్మీ. పోంగ మొత్తం నడుసుకుంటనే పోయిన, రాంగ బస్సెక్కిన. డబ్బి ఒక్కపారి గూడ కూయలే. నీ చేతి పుణ్యం."

ఆమె వెళ్ళాక కొబ్బరి ముక్క తిన్నాను. లోపల ఏదో కదిలినట్టయింది. సంతోషమే అయి ఉండాలి, గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

మే 12

మహేష్ వచ్చి చెప్పుల జత బల్ల మీద పడేశాడు. యాదవ్వక్క కొడుకు, బస్టాండ్ దగ్గర ఆటో నడుపుతాడు.

"మా అమ్మ బొటనవేలు కింద పుండైంది చాచా. వాసనొస్తే చూసినం. అద్దంల చూస్కోలేదానే అంటే, డబ్బి కూయలే గదరా అంటది. ఏం చెప్పులిచ్చినవ్ చాచా నువ్వు?"

"జెల్ ఎండి ఉంటది" అన్నాను. "ఎండలు గట్లున్నయి గద."

ఎక్కడో తయారు చేసి పెట్టుకున్నట్టు వచ్చింది ఆ మాట. వాడు చెప్పులు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. ఆమెను దవాఖానలో చేర్చారు.

మే 13

జెల్ తప్పు.

మే 14

ఎండాకాలంలో జెల్ ఎండుతుంది. ఎవరేం చేస్తారు.

మే 15

ఆమె జత విప్పి చూశాను. జెల్ ఎండలేదు. పోసిన రోజు ఎంత మెత్తగా ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

తీగ తెగి ఉంటుంది.

మే 16

తీగ తెగలేదు.

మే 17

మేడం నేరుగా దవాఖానకు వెళ్ళి అక్కడి నుంచి దుకాణానికి వచ్చింది. కుర్చీలో కూర్చుని చాలాసేపు జెల్ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూసింది. నాలుగేళ్ళ నుంచి ఇదే పని ఆమెది. పెళ్ళి మాట ఎత్తితే జెల్‌తో అయిందని ఇంట్లో వాళ్ళు ఎగతాళి చేస్తారట.

"నా పాళ్ళదే తప్పు అంకుల్. గ్లిజరిన్ ఎక్కువేసిన. లోపల ఏదో దెబ్బతిన్నది. సోమవారం మా సార్‌కు చెప్పి ఈ జెల్ ఆపేస్త. మీరేం చేస్తరు, నేను చెప్పినట్టే పోసిండ్రు."

నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను.

"మిగిలినోళ్ళయి గూడ ఇప్పుడే వాపస్ తెప్పిద్దామా?"

"తొందరెందుకు మేడం" అన్నాను. "ఒక్క జతే గద. ముందుగాల ఈ ముక్క పరీక్ష చెయ్యిండ్రి."

ఆమె తలూపింది. ముక్కను తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. పోతూ పోతూ నాకే ధైర్యం చెప్పింది. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు, కానీ ఆ దొంగకైనా లోపల మంట తెలుస్తుంది.

మే 18

కాళ్ళ పరీక్ష కోసం మేడం ఇక్కడ ఉంచిన నైలాన్ పోగు ఉంది. కళ్ళు మూసుకున్నవాళ్ళ పాదానికి దాన్ని ఆనిస్తారు, తెలిసిందా లేదా అని అడుగుతారు. తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని, నా కుడిపాదానికి నేనే పెట్టుకున్నాను. పది చోట్ల. పదీ తెలిశాయి.

పదికి పది.

మే 19

పోగు పట్టుకున్న చెయ్యి కూడా నాదే. ఎక్కడ పెడుతున్నదీ చేతికి తెలుసు.

మే 20

ఇత్తడి రాళ్ళు బయటికి తీశాను. యాదవ్వక్క జతలో కుడిదాని జెల్ మేడం తీసుకెళ్ళింది, ఎడమ చెప్పు ఇక్కడే ఉంది. రాళ్ళ లెక్క ప్రకారం ముప్ఫై దగ్గర, అంటే మూడు కిలోలకు, కూయాలి. ఒక్కో రాయీ పెడుతూ పోయాను. ముప్ఫై దాటింది. నలభై దాటింది. పెట్టెలో రాళ్ళు అయిపోయాయి. నా సుత్తి పెట్టాను, ఇనుప కాలి దిమ్మె పెట్టాను. అరవై రెండు దగ్గర డబ్బి కూసింది.

మేడం తన పని కోసం ఉంచుకున్న జత ఒకటి ఇక్కడే ఉంది, అదీ నేనే హద్దు పెట్టింది. అది యాభై తొమ్మిది దగ్గర కూసింది.

జెల్ తప్పు లేదు. ఆ అమ్మాయి పాళ్ళ తప్పు లేదు. అక్టోబర్‌లో నొక్కుకుంటోంది అన్న కాలు ఏప్రిల్‌లో ఏమీ అనలేదు, నేను మాత్రం మీట నొక్కుతూ పోయాను. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందట. స్పర్శ లేని కాళ్ళ కోసం చెప్పులు కుట్టి, వాటికి స్పర్శ లేని కాలితో హద్దు పెట్టాను.

ఫోన్ తీసి మేడం నంబర్ దాకా వెళ్ళాను. ఛార్జింగ్ తక్కువ ఉందని రేపు చేద్దామని పెట్టేశాను. నలభై రెండు శాతం ఉంది.

మే 21

దవాఖానకు వెళ్ళాను. యాదవ్వక్క కాలు దిండు మీద పెట్టి ఉంది. బొటనవేలు తీసేయాలని డాక్టర్ మదన్ మోహన్ చెప్పి వెళ్ళాడట. పైకి పాకకపోతే అంతటితో ఆగుతుందట. ఆమె ఈ సంగతి కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను. ఇంటి దగ్గర నుంచి వరస పెట్టుకుని వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు.

"డబ్బి తప్పు లేదక్కా. జెల్‌ది గూడ లేదు. హద్దు పెట్టింది నా కాలు. నా కాలికి తెలుస్తలేదనుకుంట."

"అనుకుంటవా? తెల్వదా?"

డాక్టర్ మరిచిపోయిన నైలాన్ పోగు బల్ల మీద ఉంది. ఆమె చెయ్యి చాపి తీసుకుంది. ఆ పరీక్ష పన్నెండేళ్ళుగా చేయించుకుంటున్న మనిషి.

"కాలు మంచం మీద పెట్టు. కండ్లు మూస్కో. తెల్వంగనే చెప్పు."

కళ్ళు మూసుకున్నాను. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. పక్క మంచం దగ్గర ఎవరో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నారు, పచ్చి పులుసు వాసన వచ్చింది. ఆమెకు పోగు పట్టు దొరకడం లేదేమో అనుకుంటూ చాలాసేపు ఆగాను.

"మొదలుపెట్టుండ్రి అక్కా."

"అయిపోయింది తమ్మీ. పదిపార్లు పెట్టిన."

కళ్ళు తెరిచాను. పోగు అప్పటికే బల్ల మీద ఉంది. ఆమె నా మొహం వైపు చూస్తోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"గిసుంటి జతలు ఎంతమందికి ఇచ్చినవ్?"

"మీతోని పద్దెనిమిది."

"మరి ఈడ కూసొని ఏం చేస్తున్నవ్? పో."

దవాఖాన మెట్ల మీద నుంచే మేడంకు ఫోన్ చేశాను. అంతా విన్నది.

"శనివారం నేను అడిగిన గద అంకుల్. వాపస్ తెప్పిద్దామా అని."

"అడిగిండ్రు."

"రాళ్ళతోని సరిచూడకుంట నేను గూడ వదిలేసిన." కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "లిస్టు తీయండి. మీదికెల్లి సగం మీరు చేయండి, కిందికెల్లి నేను చేస్త."

మే 22

చెప్పులు విప్పండి, ఇప్పుడే విప్పండి, పాదం కింద చూసుకోండి. నిన్నటి నుంచి ఇవే మాటలు. పదహారు మంది దొరికారు. ముగ్గురికి ఎర్రబడింది. ఒకాయన, కూస్తలేదు గదా ఏం భయం అని వాదించాడు. కూయనియ్యకుండా చేసింది నేనే అని చెప్పాక ఊరుకున్నాడు. ఆ మాట మొదటిసారి చెప్పడానికి నాలుక తిరగలేదు. మూడోసారికి మామూలుగానే వచ్చేసింది.

తూప్రాన్‌లో గోదావరి అనే ఆమె ఫోన్ ఎత్తలేదు. బస్సు ఎక్కి వెళ్ళాను. ఇంటి ముందు బియ్యం చెరుగుతూ కనిపించింది, కాళ్ళకు అవే చెప్పులు. ఎవరు ఏమిటని అడిగేలోపే కింద కూర్చుని నా చేతులతో విప్పాను. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత ఎరుపు, మధ్యలో నీటిపొక్కు. పగలలేదు. ఇంకో రెండు రోజులు ఆగితే పగిలేది. శనివారం నుంచి ఇప్పటికి ఐదు రోజులు.

ఆమెను ఆటోలో తీసుకెళ్ళి డాక్టర్‌కు చూపించి, చివరి బస్సుకు ముందే తిరిగి వచ్చాను.

మే 24

హకీం వదిలి వెళ్ళిన మిషన్ తీసుకుని వాడి దుకాణానికే వెళ్ళి వేలు చాపాను. మూడు వందల నలభై. వాడు ఆ అంకె చూసి ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. దుకాణం షట్టర్ సగం దింపి నన్ను బండి మీద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

మే 26

యాదవ్వక్క బొటనవేలు తీసేశారు.

మే 27

పని లేదు. ఫ్రిజ్‌లో పన్నెండు ముక్కలు ఉన్నాయి.

మే 31

మేడం వచ్చింది. జెల్ ఆపడం లేదు. జరిగిందంతా వాళ్ళ సార్‌కు రాసి ఇచ్చింది, తన తప్పు, నా తప్పు విడివిడిగా. చదివి వినిపించింది. నా కాలి గురించి రాసిన చోట గొంతు తగ్గించింది. గట్టిగానే చదవమన్నాను.

ఇక నుంచి హద్దు రాళ్ళతోనే. ఆమె ముందు కూర్చుని ఒక జతకు పెట్టాను. గంటా పది నిమిషాలు పట్టింది.

జూన్ 7

బక్రీద్. హకీం ఇంట్లో తిన్నాను. మాత్రలు మొదలై రెండు వారాలు. కాలు అలాగే ఉంది. పోయింది తిరిగి రావడం కష్టం, ఉన్నది పోకుండా చూసుకొమ్మన్నాడు మదన్ మోహన్. సాయంత్రం అద్దం పెట్టి చూసుకున్నాను. అద్దంలో అది ఎవరి పాదంలానో ఉంది.

జూన్ 15

మహేష్ ఆటో దుకాణం ముందు ఆపి యాదవ్వక్కను చెయ్యి పట్టి దింపాడు. లోపలికి రాలేదు. అటు తిరిగి ఆటోకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"కొలత తీస్కో."

"మీకు చెప్పులు కుట్టే మొఖం లేదక్కా నాకు."

"మొఖంతోని కుడ్తవా? చేతులున్నయి గద."

కాగితం పరిచాను. కట్టు తీసేసిన పాదం దాని మీద పెట్టింది. మడమ దగ్గర మొదలుపెట్టి పెన్సిల్ తిప్పుకుంటూ వచ్చాను. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని గీసే గీత. బొటనవేలు ఉండాల్సిన చోటికి వచ్చేసరికి పెన్సిల్ ఎటు తిప్పాలో చేతికి తోచలేదు. ఆగిపోయాను. ఆమె తొందర పెట్టలేదు. కాసేపటికి ఆ ఖాళీ పక్కనుంచే గీశాను.

"మాఫ్ చేసిన అనుకునేవు" అంది. "చెయ్యలే. మహేష్ అయితే నీ దుకాణం మెట్లు ఎక్కొద్దనె. దుకాణాలల్ల దొరికేటియి గీ కాలికి పట్టయి, అందుకొచ్చిన."

"మంచిదక్కా."

"డబ్బి గూడ పెట్టు. ఈపారి రాళ్ళతోని."

"రాళ్ళతోనే."

కాగితం మడవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంకో కాయితం తియ్యి. నీది పెట్టు."

"నాదెందుకు?"

"నీకు ఎవలు కుడ్తరు మరి? పెట్టు."

ఆమె వంగకుండా ఉండాలని స్టూలు దగ్గరికి లాగి, దాని మీద కాగితం పరిచి కుడికాలు పెట్టాను. పెన్సిల్‌ను కొడవలి పట్టినట్టు పిడికిట్లో పట్టుకుంది. మడమ దగ్గర మొదలుపెట్టింది. అక్కడ తెలిసింది. పక్కగా వస్తుంటే కొద్దిగా తెలిసింది. తర్వాత ఆమె గీయడం ఆపేసిందనుకున్నాను. తల వంచి చూస్తే పెన్సిల్ చిటికెన వేలు దాటి నాలుగో వేలి దగ్గర ఉంది.

"తెలుస్తుందా?"

"లేదు" అన్నాను.

అంతే, ఏడుపు వచ్చింది. అఫ్షాను మట్టిలో పెట్టి వచ్చిన రోజు రానిది, ఈ రెండేళ్ళలో ఒక్కసారీ రానిది, పట్టపగలు దుకాణంలో వచ్చింది. భయం కూడా వేసింది. నా కాలు పోతుందేమోనని భయం, నా చేత ఈమె వేలు పోయిందని దుఃఖం, ఆ ఐదు రోజులు అఫ్షా పాదం చూడనందుకు దుఃఖం. ఏది ఏదో విడదీయలేకపోయాను. భుజాలు ఊగుతున్నాయి. బయట మహేష్ ఇటు తిరిగి చూశాడు.

యాదవ్వక్క ఓదార్చలేదు. ఎడమచేత్తో నా చీలమండ గట్టిగా పట్టుకుంది.

"కదలకు తమ్మీ, గీత వంకర పోతది" అంది.